టీచరమ్మ హాల్లో మూడో స్పీకరు

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. ఇల్లు కట్టడం అయిపోయి, గోడల రంగు ఆరి, సోఫాలు దిగి, హాల్లో పెద్ద టీవీ తగిలించాక ఆయన పని మొదలయ్యేది. స్పీకర్లు ఏ మూల పెట్టాలి, గోడకు ఎంత ఎడంగా ఉండాలి, ఎటు ఎంత తిప్పాలి అని చూసి, వైర్లు కంటికి కనపడకుండా దాచి, ఆఖర్న ఓ అరగంట కుర్చీలో కూర్చుని వినేవాడు. నచ్చితే “ఇక మీ ఇష్టం” అని లేచేవాడు. నచ్చకపోతే స్పీకరును బొటనవేలంత జరిపి మళ్ళీ కూర్చునేవాడు. జనం ఆయన్ని పిలిచేది ఆ ఆఖరి అరగంట కోసమే. వైర్లు లాగేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు.

వయసు యాభై రెండు. కుర్రతనంలో టేప్ రికార్డర్లు బాగుచేసే ఇరుకు గదిలో పని నేర్చుకున్నాడు. టేపు నలిగిందో, మోటారు నీరసించిందో మూత తెరవకముందే చెప్పేవాడట. పెళ్ళయ్యాక భార్యతోపాటు ఆమె తమ్ముడు కూడా ఆ ఇంటికే వచ్చేశాడు. వాళ్ళిద్దరికీ వెనకా ముందూ ఎవరూ లేరు. మేస్త్రి దంపతులకు పిల్లలు కలగలేదు, బావమరిదే ఆ ఇంటి బిడ్డయ్యాడు. సోల్డరింగ్ ఐరన్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి అన్నీ బావే నేర్పాడు గానీ, వాడికి చేతిపనికంటే నోటిపని బాగా అబ్బింది. పెద్దయ్యాక బజార్లో హోమ్ థియేటర్ల షాపు పెట్టాడు. అమ్మేది వాడు, బిగించేది బావ. షాపు వాడిదే అయినా మేస్త్రిని ఎవరూ జీతగాడని అనుకోలేదు. వాణ్ణి యజమాని అని మేస్త్రీ అనుకోలేదు.

వాళ్ళిద్దరికీ తెగని తగాదా ఒక్కటే ఉండేది. సెంటర్ స్పీకరు.

టీవీకి అటొకటి ఇటొకటి నిలబడే రెండు స్పీకర్లు అందరూ చూసినవే. టీవీ కింద అడ్డంగా పడుకోబెట్టే మూడోదాన్ని సెంటర్ స్పీకరు అంటారు. తెరమీద మనుషులు మాట్లాడే మాటలన్నీ దాదాపు అందులోంచే వస్తాయి. బావమరిది లెక్కలో అది లేని హాలు హాలే కాదు. మేస్త్రి లెక్కలో మామూలు ఇళ్ళకు అది శుద్ధ దండగ.

“రెండు మంచి స్పీకర్లు కుదురుగా పెడితే గొంతు దానంతటదే వచ్చి మధ్యలో నిలబడుతుందిరా. మళ్ళీ అక్కడో పెట్టె దేనికి?” అనేవాడు.

“దేనికంటే, నేను పెట్టెలు అమ్ముతాను కాబట్టి బావా. నువ్వు గాలి అమ్ముతున్నావు” అనేవాడు బావమరిది.

కొనడానికి వచ్చినవాళ్ళను మేస్త్రి కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, రెండు స్పీకర్లలోనూ వార్తలు చదివే గొంతు ఒకటి పెట్టేవాడు. “చదివే మనిషి ఎక్కడున్నాడో వేలుతో చూపించండి” అనేవాడు. వాళ్ళు సూటిగా ఎదురుగోడ చూపించేవాళ్ళు. కళ్ళు తెరిస్తే అక్కడేముంది, ఉత్త గోడ. ఎంతటివాళ్ళయినా నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. బావమరిది కౌంటరు వెనక మొహం మాడ్చుకునేవాడు. మూడోది అమ్ముడుపోయేది కాదు గానీ, మేస్త్రి మాటంటే జనానికి గురి కుదిరేది.

ఇంట్లో మాత్రం ఆయనకింకో ప్రతిపక్షం ఉండేది. భార్య బస్ స్టేషన్లో టికెట్ కౌంటరులో పనిచేస్తుంది. వాళ్ళ హాల్లో రెండు స్పీకర్లకూ సరిగ్గా నడిమధ్యన మేస్త్రి కుర్చీ. ఆమె కూర్చునేది వంటింటి గుమ్మం పక్కన, సోఫా చివర. అక్కడికి కుడి స్పీకరే దగ్గర కాబట్టి మాటలు, సంగీతం అన్నీ కలిసి అందులోంచే ముద్దగా వినిపించేవి.

“రోజంతా అద్దం అవతల జనం గొణుగుడు వింటాను. ఇంటికొచ్చినా గొణుగుడేనా? ఆ మూడోది ఒకటి తెచ్చి పెట్టొచ్చు కదండీ” అనేది.

“అదేం అక్కర్లేదు. ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చుని విను, అద్దంలా ఉంటుంది.”

“మరి మీరెక్కడ కూర్చుంటారు?”

ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. అలా పద్దెనిమిదేళ్ళు నవ్వేసి ఊరుకున్నాడు.

ఒక బుధవారం పొద్దున్న లేచేసరికి మేస్త్రికి ఎడమ చెవి దిబ్బడేసి ఉంది. లోపల ఫ్రిజ్ మోతలాంటి హోరు. జలుబు చేయబోతుందేమో అనుకున్నాడు. స్నానం చేసినప్పుడు నీళ్ళు పోయాయేమోనని తల వంచి ఒంటికాలి మీద గెంతి చూశాడు. భార్య చూసి, “ఈ వయసులో తొక్కుడుబిళ్ళ ఆట ఏంటండీ” అని నవ్వింది. ఆయనా నవ్వి, స్కూటరేసుకుని పనికి బయల్దేరాడు.

ఆరోజు పని టీచరమ్మ ఇంట్లో. ఆవిడ ముప్పై ఆరేళ్ళు బడిలో భాష చెప్పి రిటైరయిన మనిషి. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. పాత రేడియో నాటకాల రికార్డింగులు డబ్బాలకొద్దీ పోగేసింది. “కళ్ళు మసకలొచ్చాయి నాయనా, చదవలేకపోతున్నాను. చెవులు మాత్రం దేవుడి దయవల్ల గట్టిగానే ఉన్నాయి. వాటికి మంచి తిండి పెడదామని” అంది షాపుకొచ్చినప్పుడు. మేస్త్రికి ఆ మాట భలే నచ్చింది. ఆవిడ హాల్లో ఉన్నది ఒక్క పేము కుర్చీ. మూడోది మీకు అస్సలు అవసరం లేదని చెప్పి, రెండే ఇప్పించాడు.

పదకొండింటికల్లా వైర్లు లాగడం అయిపోయింది. పేము కుర్చీలో కూర్చుని, వార్తల గొంతు పెట్టాడు. గొంతు మధ్యలోకి రాలేదు. కుడి స్పీకరుకు అతుక్కుని ఉంది.

ఎడమది సరిగా బిగించలేదేమో అనుకుని చూశాడు, బాగానే ఉంది. రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు మార్చాడు. అయినా కుడివైపే. ఆంప్లిఫయరు వెనక తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. కుడివైపే. చెమట పట్టింది. రిమోటు తీసుకుని, శబ్దమంతా ఎడమకే వెళ్ళేలా కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాడు. చివరంటా తిప్పేశాడు. గొంతు సన్నబడింది తప్ప, కుడివైపు నుంచి కదల్లేదు.

వంటింట్లోంచి టీ తెచ్చిన టీచరమ్మ గుమ్మంలో ఆగి, “అదేంటి బాబూ, మాటంతా ఆ ఎడమ పెట్టెలోకి పోయింది?” అంది.

మేస్త్రి రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత, ఆవిడ టీపాయ్ సర్దడానికి వంగినప్పుడు, చెయ్యెత్తి కుడి చెవి గట్టిగా మూసుకున్నాడు. వార్తలు ఆగిపోయాయి. టీచరమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది. బయట రోడ్డు ఆగిపోయింది. చెవిలో ఫ్రిజ్ మోత ఒక్కటే మిగిలింది. చెయ్యి తీసేశాడు.

“ఎడమ స్పీకరులో ఏదో లోపముందమ్మగారూ” అన్నాడు. “రేపు కొత్తది తెస్తాను.”

ఆయన నోటినుంచి అంత తేలిగ్గా అబద్ధం రావడం ఆయనకే వింతగా అనిపించింది.

దారిలో మందుల షాపులో గులిమి కరిగే చుక్కలు కొనుక్కున్నాడు. ఇంటికొచ్చి, మేడ మెట్లకింద నిలబడి, ఎవరూ చూడకుండా వేసుకున్నాడు. ఇది గులిమే అని, రెండురోజుల్లో పోతుందని తనకు తను చెప్పుకున్నాడు. భార్యకు చెప్పలేదు. చెబితే ఆసుపత్రి అంటుంది. ఆసుపత్రి అంటే బావమరిదికి తెలుస్తుంది. బజార్లో ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. చెవి పోయిన మేస్త్రిని ఎవరు పిలుస్తారు? వంటవాడికి నాలుక పోయినట్టే కదా.

మర్నాడు కొత్త ఎడమ స్పీకరుతోపాటు ఒక సెంటర్ స్పీకరు కూడా స్కూటరు మీద పెట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్నదది. గొంతు ఒక్క పెట్టెలోంచే వస్తే, అది పలుకుతోందో లేదో ఒక్క చెవితో అయినా తెలుస్తుంది. మధ్యలో నిలబడిందా లేదా అని వెతుక్కోనక్కర్లేదు.

టీచరమ్మ ఆ పెట్టెను చూసి, “మూడోది అక్కర్లేదని నువ్వే కదా అన్నావు?” అంది.

“మీ హాలు గోడలు వేరేగా ఉన్నాయమ్మగారూ. దీనికి కావాలి.”

“సరేలే నాయనా. నీకు తెలియనిదేముంది.”

టీవీ కింద అరలో ఆవిడ బడి ఫొటోలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఏడాదికొకటి, పిల్లలంతా వరసల్లో నిలబడి, మధ్యలో కుర్చీలో ఆవిడ. స్పీకరుకు చోటు కావాలి కాబట్టి అవన్నీ తీయాల్సి వచ్చింది. టీచరమ్మ ఒక్కొక్కటే చీరకొంగుతో తుడిచి గుడ్డసంచిలో పెట్టుకుంది. మేస్త్రి సాయం చేయబోతే, “వద్దులే, వీళ్ళ వరస నాకే తెలుసు” అంది. ఆయన పక్కన నిలబడి చూశాడు. ఇన్నేళ్ళలో ఒక్కరి చేత కూడా అక్కర్లేని పెట్టె కొనిపించని మనిషి. మొదటిసారి కొనిపించింది ఒంటరిగా, ఒక్క కుర్చీలో కూర్చుని వినే పెద్దావిడ చేత. ఆ మాట ఆయనకు తెలుసు. తెలిసే బిగించాడు.

ఆ తర్వాత ప్రతి ఇంటికీ సెంటర్ స్పీకరు చెప్పడం మొదలుపెట్టాడు. షాపులో గొంతును వేలుతో చూపించమనే ఆట మానేశాడు. బావమరిది కళ్ళు తేలేశాడు.

“బావా, ఒంట్లో బాగానే ఉందా? నిన్న ఆ చిన్న గదికి కూడా మూడోది రాయించావటగా!”

“నువ్వు చెప్పేది నిజమేననిపించింది లేరా.”

“పద్దెనిమిదేళ్ళు పట్టిందా అనిపించడానికి?” అని వాడు పగలబడి నవ్వి, బావ భుజం మీద చరిచాడు. ఎడమ భుజం. వాడు ఆ వైపు ఉన్నాడని మేస్త్రికి అప్పుడే తెలిసింది, ఉలిక్కిపడ్డాడు.

వారం తర్వాత, లోపముందని కంపెనీకి పంపిన టీచరమ్మ స్పీకరు తిరిగొచ్చింది. లోపం ఏమీ లేదని కాగితం అంటించి ఉంది. బావమరిది ఆ కాగితం చదివి, “ఇంకోసారి పంపితే మన చెవులు చూపించుకోమంటారేమో బావా” అన్నాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నట్టు సంచిలోకి తల దూర్చాడు.

ఇంట్లో భార్య రెండుసార్లు అలిగింది. భోజనాల దగ్గర ఆమె ఆయనకు ఎడమవైపు కూర్చునేది. కౌంటరులో కొత్తగా వచ్చిన అధికారి తనను అందరిముందూ ఎలా మాటన్నాడో చెప్పుకుని, చెప్పడం అయ్యాక ఆయన వైపు చూస్తే, ఆయన మజ్జిగ కలుపుకుంటున్నాడు. “గోడకు చెప్పుకున్నా నయం” అని కంచం తీసుకుని లేచిపోయింది. ఎందుకు లేచిపోయిందో ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పడానికి నోరు రాలేదు. మర్నాటి నుంచి బల్లకు అటువైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె దాన్ని కూడా కోపమనుకుంది.

చుక్కలు రెండు సీసాలు అయిపోయాయి. హోరు తగ్గలేదు.

మూడు వారాలు దాటాక ఒక కాంట్రాక్టరు కొత్తింట్లో పెద్ద పని వచ్చింది. మేడమీద ఓ గది మొత్తం సినిమా కోసమే కట్టించుకున్నాడు. తెరపైన, గోడకు బరువైన సెంటర్ స్పీకరు తగిలించాలి. తెర పైనయితే బాగుంటుందని చెప్పింది మేస్త్రే. ముఖ్యమైన ఇల్లు కావడంతో బావమరిది కూడా వచ్చాడు. మామూలుగా వాడు స్పీకరు మోసే రకం కాదు, ఆరోజు చొక్కా చేతులు మడిచి దిగాడు.

మేస్త్రి నిచ్చెన మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆయనకు ఎడమపక్క, ఎత్తుపీట మీద బావమరిది. స్పీకరు కుడిచివర మేస్త్రి వైపు కొక్కేనికి ఆనింది, ఎడమచివర వాడి రెండు చేతుల్లో ఉంది. మేస్త్రి డ్రిల్లు ఆపి, జేబులోంచి బోల్టు తీసి మరలో తిప్పుతున్నాడు.

“బావా, పట్టు జారుతోంది, దించుదాం.”

మేస్త్రి బోల్టు తిప్పుతూనే ఉన్నాడు.

“బావా! జారిపోతోంది, పట్టుకో!”

మూడోసారి అరిచిన అరుపుకు కాంట్రాక్టరు భార్య కింద వంటింట్లోంచి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి స్పీకరు కొక్కెంలోంచి ఊడి, పీటతో సహా బావమరిదిని కింద పడేసి, వాడి కుడిపాదం మీద పడింది. నిచ్చెన ఊగినప్పుడు మేస్త్రికి తెలిసింది, ఏదో జరిగిందని. తిరిగి చూస్తే వాడు నేలమీద నోరు తెరుచుకుని ఉన్నాడు, పాదం ఉండాల్సినట్టు లేదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి పాదంలో రెండు ఎముకలు విరిగాయన్నారు. మేస్త్రి భార్య కౌంటరు మూసేసి ఆటోలో వచ్చింది. తమ్ముడు స్ట్రెచరు మీద పళ్ళు బిగించి పడుకుని ఉన్నాడు. అక్కను చూడగానే, “మూడుసార్లు అరిచానక్కా” అన్నాడు. అంతే అన్నాడు.

“డ్రిల్లు మోతలో వినపడలేదు” అన్నాడు మేస్త్రి.

“డ్రిల్లు ఆగాకే కదండీ అరిచారు?” అంది వెంట వచ్చిన కాంట్రాక్టరు భార్య. “నేను కింద వంటింట్లో విన్నాను.”

మేస్త్రి వరండాలోకి వెళ్ళి బల్లమీద కూర్చున్నాడు. భార్య వచ్చి ఆయనకు ఎడమవైపు కూర్చుంది. కాసేపు ఆయన్నే చూసింది. పద్దెనిమిదేళ్ళకు పైగా మనుషులు పెదవులు కదపకుండా చెప్పే ఊళ్ళ పేర్లు అద్దం అవతలనుంచి పట్టుకున్న ఆడమనిషి ఆమె, ఏది ఎవరికి వినపడుతుందో ఆమెకు తెలియక కాదు. ఇన్నాళ్ళూ ఆ దిక్కుగా ఆలోచించలేదంతే. గొంతు తగ్గించి, మామూలుగా, “మీ స్కూటరు తాళాలు కింద పడ్డాయి” అంది.

ఆయన కదల్లేదు.

“ఏమండీ, తాళాలు.”

ఆయన ఎదురుగోడ చూస్తున్నాడు. ఆమె లేచి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన కుడిపక్కన కూర్చుంది. తాళాలు ఆమె చేతిలోనే ఉన్నాయి, ఆయన హడావిడిలో బల్లమీద వదిలేసినవి. అవి ఆయన అరచేతిలో పెట్టింది.

“ఎన్నాళ్ళయింది?”

“ఇరవై నాలుగు రోజులు.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని లేవదీసి, అదే ఆసుపత్రిలో రెండో అంతస్తులో ఉన్న చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కుడి చెవికి ఆయన టకటకా నొక్కాడు. ఎడమ చెవి వంతు వచ్చాక వేలు మీటమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకున్నాడు. తలెత్తి చూస్తే అద్దం అవతల అమ్మాయి మీటలు మారుస్తూనే ఉంది.

“ఇది గులిమి కాదు” అంది డాక్టరమ్మ. “లోపలి నరం సంగతి. కొందరికి ఇలా ఉన్నట్టుండి పోతుంది, కారణం మాకూ సరిగా తెలియదు. మొదటి కొద్దిరోజుల్లో వస్తే మందులతో చాలామందికి కొంతో గొప్పో తిరిగొస్తుంది. ఇప్పుడు ఆలస్యమైంది. అయినా ప్రయత్నం చేద్దాం. పెద్దగా ఆశ పెట్టుకోకండి.”

“మొదటి రోజే వచ్చి ఉంటే?” అంది భార్య.

“చెప్పలేమమ్మా. అవకాశం మాత్రం ఉండేది.”

మెట్లు దిగుతూ మేస్త్రి భార్య ఏడ్చింది. తిట్టి ఉంటే ఆయనకు సుఖంగా ఉండేది.

మాత్రలు వాడాడు. చెవిలోకి నాలుగు ఇంజెక్షన్లు వేశారు, వేసినప్పుడల్లా గది గిర్రున తిరిగేది. నెల తర్వాత మళ్ళీ అద్దాల గదిలో కూర్చోబెట్టారు. వినికిడి కొలిచిన కాగితం మీద ఎడమ చెవి గీత మునుపున్న చోటే ఉంది. తల ఊపి బయటికి వచ్చి, ఇంటికి పోకుండా తిన్నగా టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

ఆవిడ నాటకం వింటోంది. ఆపి, కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. నిలబడే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. స్పీకరులో లోపం లేదని, లోపం తన చెవిలో ఉందని, అది దాచుకోవడానికే మూడో పెట్టె అంటగట్టానని, గోడలు వేరన్నది పచ్చి అబద్ధమని.

టీచరమ్మ చేతిలో రిమోటు పక్కన పెట్టింది.

“నా దగ్గర చదివినవాళ్ళు లక్ష అబద్ధాలు చెప్పారు నాయనా, నేను పట్టుకోలేనిది తక్కువ” అంది. “నీది పట్టుకోలేకపోయాను. నీ మాట మీద నాకు అంత నమ్మకం. దానికే కష్టంగా ఉంది నాకు, పెట్టెకు కాదు.”

“క్షమించండి అనడానికి కూడా మొహం చెల్లడం లేదమ్మగారూ.”

“అనకు మరి. వచ్చిన పని చెయ్యి.”

ఆయన ఆ పెట్టె విప్పేసి, దాని డబ్బు టీపాయ్ మీద పెట్టాడు. మిగిలిన రెండూ కుదిర్చి, గొంతు ఎక్కడ వినపడుతోందో ఆవిణ్ణే అడిగి తెలుసుకుంటూ సర్దాడు. సంచిలోంచి ఫొటోలు తీసి ఆవిడే మళ్ళీ అరలో పేర్చుకుంది. టీ ఇవ్వలేదు. వెళ్తుంటే గుమ్మందాకా వచ్చి మాత్రం, “ఆ రెండో చెవినైనా జాగ్రత్తగా చూసుకో” అంది.

విప్పిన పెట్టెను ఆయన ఇంటికి తెచ్చి టీవీ కింద పెట్టాడు. భార్య తన సోఫా చివర కూర్చుని ఓ సినిమా సగందాకా చూసి, “ఇన్నేళ్ళూ ఈ మాటలన్నీ ఎక్కడ దాచారండీ?” అంది. సరదాకే అంది. ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. మధ్యలో తన ఒక్కడి కుర్చీకి కుదిరిన దాన్ని లోకానికంతా కుదిరిందనుకున్నాడు. ఇప్పుడు ఎవరైనా సెంటర్ స్పీకరు కావాలా వద్దా అంటే, “మీ హాల్లో ఎంతమంది కూర్చుంటారు, ఎక్కడెక్కడ కూర్చుంటారు?” అని అడుగుతాడు. ఒకరిద్దరు, మధ్యలో అంటే వద్దంటాడు. ఇంటిల్లిపాదీ తలో మూలా అంటే పెట్టుకోమంటాడు. అంత చిన్న ప్రశ్న ముందే ఎందుకు అడగలేదో ఆయనకే తెలియదు.

బావమరిది మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక బావతో మాట్లాడలేదు. కట్టు విప్పిన రోజు అక్క బలవంతం మీద భోజనానికి వచ్చాడు. చేతికర్ర గోడకానించి, కూర్చుని, కంచంలో వేలు పెట్టకుండానే మొదలుపెట్టాడు.

“కాలు సంగతి వదిలెయ్ బావా. కాలు అతుక్కుంటుంది. నాకు చెప్పకపోవడమేంటి?”

“భయమేసిందిరా.”

“నన్ను చూసా? నాకు పని నేర్పింది నువ్వు. జ్వరమొస్తే భుజం మీద వేసుకుని తిప్పింది నువ్వు. నీ చెవి పోయిన సంగతి కంపెనీ వాళ్ళ కాగితం చూసి తెలుసుకోవాలా నేను? అప్పుడు కూడా అర్థం కాలేదు నాకు. వెర్రివాడిలా జోకు వేశాను.” వాడు కంచం పక్కకు జరిపాడు. “ఒక్క మాట చెప్పి ఉంటే ఆరోజే ఎత్తుకుని తీసుకుపోయేవాణ్ణి కదా.”

మేస్త్రి తల దించుకుని, “తీసుకుపోయేవాడివే” అన్నాడు.

“తినండి ముందు” అంది అక్క, ఇద్దరికీ వడ్డిస్తూ. తిన్నారు.

షాపు నడవాలి కాబట్టి పని మళ్ళీ మొదలైంది. కొలతలు, వైర్లు, బిగింపు అన్నీ మేస్త్రివే. కుర్చీలో కూర్చుని వినే అరగంట మాత్రం బావమరిదిది. ఇన్నేళ్ళుగా అమ్మాడు గానీ వాడు ఏనాడూ సరిగా విన్నవాడు కాదు. “బాగుంది బావా” అంటాడు కూర్చున్న నిమిషానికే. “బాగుంది కాదు, ఏం వినపడిందో చెప్పు” అంటాడు మేస్త్రి. సగం సార్లు తప్పు చెబుతాడు. రెండిళ్ళ వాళ్ళు మళ్ళీ పిలిచి, మునుపటిలా లేదని మొహం మీదే అన్నారు. అవునండీ లేదు, అని మేస్త్రి ఒప్పుకున్నాడు. ఇంట్లో పాటలు పెట్టడం మానేశాడు. అన్నీ ఒకే పక్కన, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వినపడుతున్నాయని భార్యతో ఒక్కసారి అన్నాడు. ఫ్రిజ్ మోత ఇంకా ఉంది.

మొన్నో సాయంత్రం ఇద్దరూ ఓ ఇంట్లో పని ముగించుకుని బయటికి వచ్చారు. స్కూటరు రోడ్డుకు అవతల ఉంది. బళ్ళు రెండువైపులా పోతున్నాయి. ఎక్కడో హారన్ మోగింది. ఎటునుంచో మేస్త్రికి తెలియలేదు, అడుగు వేసి ఆగిపోయాడు. బావమరిది చేతికర్రను రెండో చేతికి మార్చుకుని, ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. వాడు పరుగెత్తలేడు, ఆయన పోల్చుకోలేడు. ఆయన తల మొత్తం తిప్పి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. బస్సు వెళ్ళనిచ్చారు, దాని వెనక లారీని కూడా వెళ్ళనిచ్చారు. ఆ రోడ్డు దాటడానికి వాళ్ళకు చాలాసేపు పట్టింది.